బెంకల్‌మన్ బీమ్‌తో రోడ్డు డిఫ్లెక్షన్ కొలవడం ఎలా? లారీ కాటా నుంచి ఓవర్‌లే మందం దాకా

లోడు లారీ చక్రం మీదికి రాగానే తారు రోడ్డు కిందికి కుంగుతుంది. చక్రం దాటిపోగానే మళ్లీ పైకి లేస్తుంది. ఈ కుంగుడునే డిఫ్లెక్షన్ అంటారు. ఇది కంటికి ఆనదు. చాలా రోడ్ల మీద ఈ కుంగుడు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ ఒక్క మిల్లీమీటరును నమ్ముకొనే రేపు మీరు కిలోమీటర్ల కొద్దీ రోడ్డు మీద ఎంత మందం తారు పొర, అంటే ఓవర్‌లే, వేయాలో తేల్చాలి. కాబట్టి టెస్టులో ఎక్కడ పదో వంతు మిల్లీమీటరు జారిపోయినా అది నేరుగా ఎస్టిమేటులోకి పోయి కూర్చుంటుంది. పొర పలచనైతే రెండు వానాకాలాలకే పగుళ్లు పైకి తేలుతాయి. మందమెక్కువైతే ఆ డబ్బుతో బాగుపడాల్సిన ఇంకో రోడ్డు అలాగే ఉండిపోతుంది.

కొత్తగా సైటుకొచ్చిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు), ల్యాబ్ టెక్నీషియన్లు, సివిల్ చదివే పిల్లలు చేతిలో పెట్టుకొని వాడుకునేలా ఈ పనిని వరసగా చెబుతాను. మన దేశంలో ఈ టెస్టుకు ఆధారం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ఇచ్చిన మార్గదర్శకం ఐఆర్‌సీ:81. మొదట 1981లో వచ్చింది, 1997లో సవరించారు. పరికరం, అంటే మొన కదలికను వెనకనున్న గేజ్ మీద చూపించే పొడవాటి బీమ్, మాత్రం అమెరికాది. ఐడహో రాష్ట్రంలో వాషో (అక్కడి పశ్చిమ రాష్ట్రాల హైవే అధికారుల సంఘం) రోడ్ టెస్టు జరుగుతున్నప్పుడు, 1953 ప్రాంతంలో, ఎ.సి. బెంకల్‌మన్ దీన్ని తయారుచేశాడు. ఇది తారు రోడ్లకే పనికొస్తుంది. సిమెంటు రోడ్డు కుంగే తీరు వేరు, దాని లెక్కలు వేరు.

ఎప్పుడు కొలవాలి

రోడ్డు బలమంతా అడుగునున్న మట్టి మీద, అంటే సబ్‌గ్రేడ్ మీద ఆధారపడి ఉంటుంది. మట్టి బలం అందులోని తేమను బట్టి ఉంటుంది. అందుకే మట్టి బాగా తడిసి, బలహీనంగా ఉన్న రోజుల్లో కొలవాలి. ఐఆర్‌సీ చెప్పేదీ అదే: వానాకాలం అయిన వెంటనే.

కర్నూలు, గుంటూరు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి మీద రోడ్లు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో ఆ మట్టి ఎండి గట్టిపడి ఉంటుంది, డయల్ గేజ్ ముల్లు మిమ్మల్ని సంతోషపెట్టే రీడింగే చూపిస్తుంది. అదే రోడ్డు మీద అక్టోబరులో కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. తెలంగాణలో, రాయలసీమలో ఎక్కువ భాగానికి నైరుతి వానలు తగ్గాక, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మంచి సమయం. నెల్లూరు వైపు అలా కాదు. అక్కడ వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలవి, డిసెంబరు దాకా పడతాయి. ఆ వానలు ఆగాక కొలవడం సబబు. గోదావరి డెల్టాలో కాలవ గట్టు మీద రోడ్లకు వాన ఒక్కటే చాలదు, కాలవలో నీళ్లు పారుతున్నాయా, పక్క చేలో నీళ్లు నిలిచి ఉన్నాయా అన్నది కూడా చూడాలి. కాలవలు కట్టేసిన వేసవిలో ఆ గట్టు మీద తీసిన రీడింగును నేను నమ్మను.

పని ఒత్తిడి వల్ల ఎండాకాలంలోనే కొలవాల్సి వస్తే దానికి తేమ సవరణ ఉంది, కింద చెబుతాను. కానీ సవరణ పట్టికలో వెతుక్కునే కన్నా సరైన నెలలో కొలిచిన అంకెకే బలమెక్కువ.

రోడ్డును ముక్కలుగా విడదీయడం

బీమ్ దించే ముందు ఒకసారి రోడ్డంతా నడవండి. బండిలో కూర్చొని చూస్తే గుంతలు కనిపిస్తాయి గానీ పగుళ్లు కనిపించవు. ఐఆర్‌సీ రోడ్డును మూడు రకాలుగా చూడమంటుంది. పగుళ్లు లేకుండా, చక్రాల గాడి లోతు 10 మి.మీ. లోపు ఉంటే బాగున్నట్టు. పగుళ్లు అసలు లేకపోయినా, చక్రం దారిలో ఒకే ఒక్క పగులు ఉన్నా, గాడి 10 నుంచి 20 మి.మీ. మధ్య ఉంటే ఒక మోస్తరు. పగుళ్లు విస్తారంగా ఉన్నా, గాడి 20 మి.మీ. దాటినా బాగోలేనట్టు. గాడి కొలవడానికి స్ట్రెయిట్ ఎడ్జ్ అడ్డంగా పెట్టి, మధ్యలో వెడ్జ్ దూర్చి చూడండి.

ఒకే తీరుగా ఉన్న రోడ్డును ఒక సెక్షన్‌గా తీసుకోవాలి. సెక్షన్ కనీసం ఒక కిలోమీటరు ఉండాలి. ఏదో ఒక చోట మాత్రమే పూర్తిగా దెబ్బతిన్న చిన్న ముక్క ఉంటే దాన్ని విడిగా చూడాలి. చెరువు కట్ట కింద తడిసిపోయిన వంద మీటర్లను, ఎర్రనేల మీద చక్కగా ఉన్న తొమ్మిది వందల మీటర్లను ఒకే సగటులో కలిపేస్తే రెండింటికీ అన్యాయమే. ఆ వంద మీటర్లకు కావాల్సింది పైపొర కాదు, నీళ్లు పోయే దారి.

ప్రతి సెక్షన్‌లో ఒక్కో లేన్‌కు కనీసం పది పాయింట్లు, సమాన దూరంలో పెట్టుకోండి. పాయింటుకూ పాయింటుకూ మధ్య 50 మీటర్లకు మించకూడదు. రెండు లేన్లుంటే ఒక లేన్ పాయింట్లు ఇంకో లేన్ పాయింట్లకు ఎదురెదురుగా కాకుండా వంతులవారీగా పడాలి. పాయింటు బయటి చక్రం దారిలో ఉండాలి, ఎందుకంటే అంచు వైపే తేమ ఎక్కువ, ఊతం తక్కువ. తారు అంచు నుంచి దూరం: లేన్ వెడల్పు 3.5 మీటర్ల లోపైతే 0.6 మీటర్లు, అంతకంటే ఎక్కువైతే 0.9 మీటర్లు, డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డయితే 1.5 మీటర్లు. పెయింటుతో గుర్తు పెట్టి, పక్కనే చైనేజీ (రోడ్డు మొదటి నుంచి ఎంత దూరమో) రాయండి. సుద్దముక్క గీతలు లారీ వచ్చేలోపే చెరిగిపోతాయి.

లారీని సిద్ధం చేయడం

ఈ టెస్టులో సగం ఇక్కడే గెలుస్తాం లేదా ఓడిపోతాం. కావాల్సింది వెనక ఒకే ఇరుసు, రెండు వైపులా జంట టైర్లు ఉన్న ఆరు టైర్ల లారీ. పది టైర్ల టిప్పర్ పనికిరాదు. దాని వెనక రెండు ఇరుసులు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి మీ పాయింటు మీద ఎంత బరువు పడుతుందో తేల్చలేరు.

వెనక ఇరుసు బరువు 8,170 కిలోలు ఉండాలి. అంటే ఒక్కో జంట చక్రం మీద 4,085 కిలోలు. ఇందులో ఒక శాతానికి మించి తేడా రానీయకూడదు, అంటే ఎనభై కిలోల చిల్లర. కాటా దగ్గర మొత్తం లారీని తూచి సగం చేసి రాసుకునేవాళ్లున్నారు, అది తప్పు. ముందు చక్రాలను కాటా బయటకు దింపి, వెనక ఇరుసు ఒక్కటే ప్లాట్‌ఫారం మీద ఉంచి తూచాలి. లారీ అప్పుడు ఏటవాలుగా ఉండకూడదు, బయటి నేల కాటా మట్టానికే ఉండాలి. బరువు కుడి ఎడమలకు సమానంగా పడేలా సర్దుకోండి. కాటా చీటీ జాగ్రత్తగా పెట్టుకోండి, రిపోర్టుకు అది మొదటి కాగితం.

లోడుకు ఇసుక వాడితే ఒక చిక్కుంది. పొద్దున తడిగా ఉన్న ఇసుక సాయంత్రానికి ఎండి బరువు తగ్గుతుంది, మధ్యలో జల్లు పడితే పెరుగుతుంది. రాళ్లు, కాంక్రీటు దిమ్మెలు అయితే ఆ బాధ లేదు. అవి కదలకుండా ఒకదానికొకటి బిగించి పేర్చితే రోజంతా అదే బరువు. ఇసుకే గతి అనుకుంటే ఆరబెట్టిన ఇసుక సంచుల్లో పోసి, మీద టార్పాలిన్ కప్పండి.

టైర్లలో గాలి చదరపు సెంటీమీటరుకు 5.6 కిలోలు. పంక్చర్ షాపు గేజ్ మీద ఇది 80 పీఎస్‌ఐ దగ్గర చూపిస్తుంది. వెనక నాలుగు టైర్లకూ ఇదే ఉండాలి. ఎండలో నడిచిన టైరు వేడెక్కి గాలి పెరుగుతుంది కాబట్టి సొంత గేజ్ ఒకటి వెంట పెట్టుకొని రెండు మూడు గంటలకొకసారి చూడండి. జంట టైర్ల మధ్య సందు 30 నుంచి 40 మి.మీ. ఉండాలి. బీమ్ మొన దూరేది ఆ సందులోకే. అరిగిపోయిన టైర్లు, రీట్రెడ్ వేసి ఉబ్బిన టైర్లు ఉన్న లారీని వెనక్కి పంపేయండి. సందు చాలకపోతే బీమ్ టైరుకు రాసుకుంటుంది, రీడింగు పాడవుతుంది.

బీమ్‌ను సరిచూసుకోవడం

బీమ్ మొత్తం పొడవు 3.66 మీటర్లు. బీమ్ ఊగే ఇరుసు నుంచి మొన దాకా 2.44 మీటర్లు, ఇరుసు నుంచి వెనక డయల్ గేజ్ దాకా 1.22 మీటర్లు. ముందు చెయ్యి వెనక చేతికి రెట్టింపు. అందుకే మొన ఎంత కదిలితే గేజ్ అందులో సగమే చూపిస్తుంది. గేజ్ మీద ఒక్కో గీత 0.01 మి.మీ., కాబట్టి ఒక గీత తేడా అంటే రోడ్డు మీద 0.02 మి.మీ.

సైటుకు బయల్దేరే ముందు బీమ్‌ను గట్టి చదునైన నేల మీద, ల్యాబ్ గచ్చు మీదైతే ఇంకా మంచిది, నిలబెట్టి మట్టం చూసుకోండి. మందం కచ్చితంగా తెలిసిన లోహపు బిళ్లలను ఒక్కొక్కటిగా మొన కింద పెట్టండి. గేజ్ సరిగ్గా బిళ్ల మందంలో సగం చూపించాలి. చూపించకపోతే ముందు గేజ్ విప్పి విడిగా పరీక్షించండి, తప్పు దానిదైతే మార్చేయండి. గేజ్ బాగుంటే అనుమానం ఇరుసు మీద. దుమ్ము పట్టి బిగుసుకుంటే తుడిచి, నూనె వేసి, బీమ్ స్వేచ్ఛగా ఆడుతోందో లేదో చూడండి. దించేటప్పుడు విసిరేసిన బీమ్‌ల ఇరుసు ఒంగిపోయి ఉంటుంది, దానికి ఏ సవరణా లేదు.

వెంట తీసుకెళ్లాల్సినవి ఇంకొన్ని: 0 నుంచి 100 డిగ్రీల థర్మామీటరు, రోడ్డుకు రంధ్రం చేసే మాండ్రెల్, సుత్తి, చిన్న సీసాలో గ్లిజరాల్, టేపు, ఫీల్డ్ షీట్లు, పెన్సిలు, గొడుగు. గొడుగు మీకు కాదు, బీమ్‌కు. మధ్యాహ్నం ఎండ ఒక వైపు నుంచి కొడితే లోహం సాగుతుంది, మీరు కొలిచేది మిల్లీమీటరులో వందో వంతు.

ట్రాఫిక్ సంగతి మరిచిపోవద్దు. టెస్టు లారీ కంటే వెనక ఎత్తైన బోర్డు, కోన్లు, రెండు వైపులా జెండాలు పట్టుకున్న మనుషులు, అందరికీ మెరిసే జాకెట్లు. గేజ్ చదివే మనిషి రోడ్డు మీద వంగి కూర్చొని ఉంటాడు, వెనక నుంచి ఏ బండి వస్తోందో అతనికి తెలియదు. జెండా మనిషి లేకుండా ఒక్క పాయింటు కూడా చేయకండి.

పాయింటు దగ్గర

లారీని రోడ్డు అంచుకు సమాంతరంగా తెచ్చి, అంచు వైపు ఉన్న వెనక జంట టైర్ల మధ్య సందు సరిగ్గా మీ గుర్తు మీదికి వచ్చేలా ఆపించండి. ఇరుసు గుర్తుకు నిట్టనిలువుగా పైన ఉండాలి. డ్రైవరుతో ముందే మాట్లాడుకోండి. “అన్నా, నేను చెయ్యి ఊపితేనే కదలాలి. ఎక్సలరేటర్ తొక్కకుండా మెల్లగా పాకించు, మళ్లీ చెయ్యి ఎత్తగానే ఆపు, సడన్ బ్రేకు వద్దు” అని చెబితే మూడో పాయింటుకల్లా అతను మీకంటే బాగా చేస్తాడు. చికాకు పడే డ్రైవరుతో రోజంతా నెట్టుకురావడం కష్టం, టీ ఖర్చు మీరే పెట్టుకోండి.

లారీ వెనక నుంచి బీమ్ మొనను టైర్ల సందులోకి దూర్చి గుర్తు మీద ఆనించండి. బీమ్ రెండు టైర్లకూ తగలకూడదు. వంగి, సందులోంచి వెలుతురు రెండు వైపులా కనిపిస్తోందో లేదో చూడండి. తర్వాత లాక్ విప్పి, వెనక కాలును సర్ది, గేజ్ కాడ బీమ్‌కు ఆనేలా చేయండి. కొన్ని బీమ్‌లకు బజర్ ఉంటుంది, అది వేసి ఉంచితే ముల్లు అతుక్కోదు. లేకపోతే గేజ్‌ను వేలితో మెల్లగా తట్టండి.

ఇప్పుడు ముల్లును చూడండి. లారీ ఆగినా రోడ్డు ఇంకా కొంచెం కొంచెం కుంగుతూ ఉంటుంది, ముల్లు పాకుతూ ఉంటుంది. తొందరపడకండి. నిమిషానికి 0.025 మి.మీ., అంటే గేజ్ మీద రెండున్నర గీతలకు మించి కదలడం లేదని ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకొని ఖాయం చేసుకున్నాకే రాయండి. ఇది మొదటి రీడింగు.

చెయ్యి ఊపండి. లారీ మెల్లగా 2.7 మీటర్లు ముందుకెళ్లి ఆగుతుంది. చక్రం మొన మీద నుంచి తప్పుకునే క్షణంలో ముల్లు గబగబా తిరిగి, తర్వాత నెమ్మదించి, ఒకచోట నిలబడుతుంది. పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగితే ఒక మిల్లీమీటరు. బలహీనమైన చోట చుట్టు దాటిపోతుంది కాబట్టి చిన్న ముల్లు మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి. నిలకడగా ఆగాక మధ్య రీడింగు రాయండి. లారీ ఇంకో 9 మీటర్లు వెళ్లి ఆగాక చివరి రీడింగు. కదలిక నిమిషానికి 0.025 మి.మీ. లోపుకు రావాలన్న నియమం ఈ రెండింటికీ వర్తిస్తుంది.

మూడు రీడింగులూ గట్టిగా చదివి వినిపించాలి, రాసే మనిషి తిరిగి చెప్పాలి. పక్కన లారీ హారన్లలో ముప్ఫై ఎనిమిది ఇరవై ఎనిమిదిగా వినబడితే ఆ పాయింటు లెక్క మొత్తం తారుమారవుతుంది. ముల్లు ఏ వైపు తిరిగితే అంకె పెరుగుతుందో బీమ్‌ను బట్టి మారుతుంది, రోజు మొదట్లోనే చూసుకోండి. మనకు కావాల్సింది తేడా మాత్రమే.

ఒక పాయింటు రీడింగు చుట్టుపక్కల వాటికి పొంతన లేకుండా వస్తే కొట్టేయకండి. లారీని వెనక్కి తిప్పి మళ్లీ తీయండి. రెండోసారీ అదే వస్తే అది రోడ్డు చెబుతున్న మాట. షీటులో ‘పక్కన కల్వర్టు’, ‘బెర్మ్ ఎత్తుగా ఉంది, నీళ్లు నిలిచాయి’, ‘పైప్‌లైన్ తవ్వి పూడ్చారు’ అని కనిపించిందల్లా రాయండి. ఆఫీసులో కూర్చున్నప్పుడు ఆ అంకెకు అర్థం చెప్పేది ఈ నాలుగు మాటలే.

ఉష్ణోగ్రత గంటకొకసారి తీయాలి. రోడ్డుకు 4.5 సెం.మీ. లోతు రంధ్రం చేసి, గ్లిజరాల్ పోసి, థర్మామీటరు దించి ఐదు నిమిషాలు ఆగి చదవండి. గాలి ఉష్ణోగ్రత రాస్తే చాలదు. ఎండలో తారు గాలికంటే బాగా వేడిగా ఉంటుంది.

రీడింగు నుంచి డిఫ్లెక్షన్

మధ్య రీడింగుకూ చివరి రీడింగుకూ తేడా 0.025 మి.మీ. లోపు ఉంటే లెక్క సులువు: మొదటి, చివరి రీడింగుల తేడాకు రెట్టింపు. ఉదాహరణకు మొదటిది 1.00, మధ్యది 0.62, చివరిది 0.61 అనుకోండి. మధ్య, చివరి తేడా 0.01. కాబట్టి డిఫ్లెక్షన్ 0.39కి రెట్టింపు, 0.78 మి.మీ.

తేడా అంతకంటే ఎక్కువైతే బీమ్ ముందు కాళ్లు కూడా కుంగిన చోటే ఉన్నాయని అర్థం. మంచం మీద ఒక చోట కూర్చుంటే పక్కన పెట్టిన గ్లాసు కూడా ఒరిగినట్టు, చక్రం చుట్టూ రోడ్డు దూరం దాకా కుంగి బీమ్ కాళ్లను కూడా కిందికి లాగింది. లారీ పోయాక కాళ్లు పైకి లేచాయి. కాబట్టి గేజ్ అసలు కుంగుడు కంటే తక్కువ చూపించింది. దీనికి సవరణ: కనిపించిన డిఫ్లెక్షన్‌కు, మధ్య చివరి రీడింగుల తేడాను రెట్టింపు చేసి 2.91తో గుణించి కలపాలి.

మొదటిది 1.00, మధ్యది 0.58, చివరిది 0.53 అయితే కనిపించిన డిఫ్లెక్షన్ 0.94. కాళ్ల కదలిక 0.05కి రెట్టింపు, 0.10. దాన్ని 2.91తో గుణిస్తే 0.291. మొత్తం 1.23 మి.మీ. సవరణ వేయకుండా వదిలేస్తే ఈ పాయింటులో దాదాపు 0.3 మి.మీ. మాయమయ్యేది. అదీ బలహీనమైన చోట, అంటే మనం అసలు పట్టుకోవాల్సిన చోట. ఆ 2.91 బీమ్ కాళ్లు, ఇరుసు, గేజ్ మధ్య దూరాలను బట్టి వచ్చిన అంకె. మీ బీమ్ కొలతలు ప్రామాణికానికి భిన్నంగా ఉంటే అది మారుతుంది, కంపెనీ ఇచ్చిన కొలతలతో మళ్లీ లెక్కగట్టుకోండి.

ఉష్ణోగ్రత, తేమ సవరణలు

ప్రామాణిక ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. అంతకు మించి ఒక్కో డిగ్రీకి 0.01 మి.మీ. తీసేయాలి, తక్కువైతే ఒక్కో డిగ్రీకి 0.01 కలపాలి. వేడికి తారు మెత్తబడి ఎక్కువ కుంగుతుంది కదా. రోడ్డు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటాక తీసిన రీడింగులకే ఈ సవరణను నమ్మండి. చలికాలం పొద్దున్నే మొదలుపెట్టకుండా రోడ్డు వేడెక్కేదాకా ఆగితే సరిపోతుంది. పైన పలచటి తారు కార్పెట్ మాత్రమే ఉండి, కింద అంతా కంకర పొరలే ఉంటే ఈ సవరణ అక్కర్లేదు, మెత్తబడేంత తారు అక్కడ లేదు.

తేమ సవరణకు మట్టి కావాలి. రోడ్డు పక్కన సబ్‌గ్రేడ్ దాకా గొయ్యి తవ్వి, సబ్‌గ్రేడ్ పైమట్టానికి 50 నుంచి 100 మి.మీ. కింద నుంచి మట్టి తీసి, గాలి చొరబడని డబ్బాలో మూసి ల్యాబ్‌కు పంపండి. ప్లాస్టిక్ కవరులో కట్టి లారీ క్యాబిన్‌లో ఎండకు పడేస్తే తేమ అక్కడే ఆవిరైపోతుంది. ల్యాబ్ చెప్పాల్సినవి తేమ శాతం, ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టి ఎంత జిగటో చెప్పే అంకె). మట్టి ఇసుక లేదా గ్రావెల్ రకమా, ఇండెక్స్ 15 లోపున్న బంకమట్టా, 15 దాటిన బంకమట్టా, ఏడాది వర్షపాతం 1,300 మి.మీ. లోపా, పైనా అన్నదాన్ని బట్టి ఐఆర్‌సీ:81లో చార్టులున్నాయి. కొలిచిన రోజు తేమ దగ్గర గీత గీస్తే ఎంతతో గుణించాలో వస్తుంది. ముందు ఉష్ణోగ్రత సవరణ, తర్వాత తేమ సవరణ. వరస మారిస్తే అంకె మారుతుంది.

సగటు చాలదు

పది పాయింట్లలో డిఫ్లెక్షన్లు 0.78, 1.23, 0.92, 0.86, 1.04, 0.88, 0.96, 1.10, 0.82, 0.91 వచ్చాయనుకోండి. సగటు 0.95. రోడ్డు ఉష్ణోగ్రత 41 డిగ్రీలు ఉందనుకుంటే ఒక్కోదాంట్లో 0.06 తీసేయాలి, సగటు 0.89 అవుతుంది. ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది, 0.14. లెక్క కట్టేటప్పుడు పదితో కాదు, తొమ్మిదితో భాగించాలి.

డిజైనుకు వాడే అంకెను క్యారెక్టరిస్టిక్ డిఫ్లెక్షన్ అంటారు. జాతీయ, రాష్ట్ర రహదారులకు సగటుకు విచలనం రెండింతలు కలపాలి, మిగతా రోడ్లకు ఒకింత. మన ఉదాహరణలో రాష్ట్ర రహదారి అయితే 1.17, జిల్లా రోడ్డయితే 1.03 మి.మీ. వానాకాలం అయ్యాక కొలిచారు కాబట్టి తేమ సవరణ లేదనుకున్నాం. అదే వేసవిలో కొలిచి, చార్టులో 1.2 వచ్చి ఉంటే రాష్ట్ర రహదారికి ఇది 1.40 అయ్యేది. విచలనం పెద్దదిగా వచ్చిందంటే సెక్షన్ సరిగా విడదీయలేదని ఒక సూచన. మళ్లీ చైనేజీ వారీగా గ్రాఫు గీసి చూడండి, ఎక్కడ అంకె మెట్టులా పెరిగిందో అక్కడ విడగొట్టండి.

ఇక్కడి నుంచి ఓవర్‌లే మందానికి దారి సూటిగా ఉంటుంది. డిజైను కాలంలో ఆ లేన్ మీద నడిచే బరువు బండ్లను ఒకే ప్రామాణిక బరువున్న ఇరుసుల్లోకి మార్చి, మిలియన్లలో లెక్క తెచ్చుకోండి. ఆ అంకె, క్యారెక్టరిస్టిక్ డిఫ్లెక్షన్ రెండూ పట్టుకొని చార్టులోకి వెళ్తే బిటుమినస్ మెకాడమ్ (తారు కలిపిన కంకర పొర) మందం వస్తుంది. ఒక సెంటీమీటరు బిటుమినస్ మెకాడమ్‌కు 0.7 సెం.మీ. డీబీఎం (డెన్స్ బిటుమినస్ మెకాడమ్) గానీ బిటుమినస్ కాంక్రీట్ గానీ సమానం. చార్టు 100 మి.మీ. అంటే అందులో 50 మెకాడమ్‌గా ఉంచి, మిగతా 50కి బదులు 35 మి.మీ. బిటుమినస్ కాంక్రీట్ కావాలి, దాన్ని 40 చేస్తాం.

ఏ పొర కుంగుతోందో తెలియాలంటే

బీమ్ ఇచ్చేది ఒక్క అంకె. తారు, కంకర, గ్రావెల్, మట్టి అన్నీ కలిపి ఎంత కుంగాయో అదే చెబుతుంది. 1.2 మి.మీ. వచ్చిందంటే అందులో మట్టి వాటా ఎంత, విడిపోయిన తారు వాటా ఎంత అన్నది బీమ్ చెప్పలేదు. పైన తారు ముక్కలై ఉన్నా, కింద మట్టి మెత్తబడినా అంకె ఒకటే రావచ్చు. చేయాల్సిన పని మాత్రం ఒకటి కాదు.

దానికి ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్ ఉంది. ఐఆర్‌సీ:115–2014 దీని పద్ధతి చెబుతుంది, జాతీయ రహదారుల పనుల్లో దీన్నే ఎక్కువగా అడుగుతున్నారు. 300 మి.మీ. వ్యాసం ఉన్న పళ్లెం రోడ్డు మీద ఆనించి, పైనుంచి బరువు పడేసి, దాదాపు 40 కిలోన్యూటన్ల దెబ్బ కొడుతుంది. వేగంగా వెళ్లే చక్రం రోడ్డును తాకినట్టు ఈ దెబ్బ సెకనులో కొద్ది భాగమే ఉంటుంది. పళ్లెం మధ్య నుంచి 1.8 మీటర్ల దాకా వరసగా పెట్టిన జియోఫోన్లు ఏ దూరంలో రోడ్డు ఎంత కుంగిందో మైక్రాన్లలో రాస్తాయి. ఆ అంకెలను వరసగా గీస్తే ఒక గిన్నె ఆకారం వస్తుంది.

ఆ ఆకారాన్ని చదవడం నేర్చుకోండి. పళ్లెం కింద రీడింగులో అన్ని పొరల వాటా ఉంటుంది. దూరం పోయేకొద్దీ పై పొరల ప్రభావం తగ్గి, చివరి జియోఫోన్ల దగ్గర దాదాపు మట్టి ఒక్కటే మాట్లాడుతుంది. మధ్యలో ఎక్కువ కుంగి పక్కన వెంటనే తేరుకుంటే తప్పు పై పొరల్లో ఉంది, ఆ పొర పీకి మళ్లీ వేయడమో, మిల్లింగ్ చేయడమో ఆలోచించాలి. చివరి దాకా వెడల్పుగా కుంగితే మట్టి మెత్తబడింది, అప్పుడు ముందు సైడు కాలువలు చూడండి. కుంగుడు అంకెల నుంచి ఒక్కో పొర మాడ్యులస్ (గట్టిదనం) తేల్చే వెనుక లెక్కకు ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు చేసిన కేజీపీబ్యాక్ సాఫ్ట్‌వేర్ వాడతారు. దానికి పొరల మందం కచ్చితంగా ఇవ్వాలి కాబట్టి గొయ్యి తవ్వకుండా ఎస్టిమేటు రిజిస్టరులో మందం చూసి కొట్టకండి. కాగితం మీద ఉన్న మందం రోడ్డు కింద ఉంటుందన్న భరోసా లేదు.

కొత్త రోడ్డు వేస్తున్నప్పుడైతే పొర పొరకూ కొలిచే అవకాశమే ఉంది. చేత్తో మోసుకెళ్లే లైట్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్‌తో సబ్‌గ్రేడ్ మీద ఒకసారి, జీఎస్‌బీ (సబ్‌గ్రేడ్ మీద వేసే గ్రావెల్ పొర) మీద ఒకసారి చూడవచ్చు. పళ్లెం కుదురుకోవడానికి మూడు దెబ్బలు, తర్వాత కొలతకు మూడు దెబ్బలు. రోలర్ వెళ్లిన వెంటనే, పైపొర పడకముందే మెత్తటి చోటు దొరికిపోతుంది. అప్పుడు సరిచేయడానికి ఒక పూట పని, తారు పడ్డాకైతే ఆ చోటు కోసం రోడ్డంతా పీకాలి.

రిపోర్టు ఇచ్చేటప్పుడు క్యారెక్టరిస్టిక్ డిఫ్లెక్షన్ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. కాటా చీటీ, గాలి ఎప్పుడెప్పుడు చూశారో ఆ వేళలు, బీమ్ బిళ్లల పరీక్ష ఫలితం, గంటగంటకూ ఉష్ణోగ్రత, పెన్సిలుతో రాసిన అసలు ఫీల్డ్ షీట్లు, గోతుల ఫోటోలు, మట్టి ఫలితాలు జత చేయండి. శుభ్రంగా తిరగరాసిన షీటు కన్నా ధూళి అంటిన అసలు షీటుకే విలువ. ఓవర్‌లే పడ్డాక, మరో వానాకాలం పోయాక, అదే పెయింటు గుర్తుల చైనేజీల్లో అదే బరువు లారీతో మళ్లీ కొలవడానికి డబ్బు ఇప్పుడే ఎస్టిమేటులో పెట్టించండి.